ఫొటో నుంచి ‘చుక్కలు కలపండి’ బొమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది చిన్న ఊరు, చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, స్కూలు ప్రశ్నపత్రాల మధ్యలో పిల్లల వర్క్‌షీట్లు కూడా చేసిస్తుంటాను. వాటిలో ఎక్కువమంది అడిగేది 1 నుంచి 50 దాకా చుక్కలు కలిపితే నెమలో ఏనుగో వచ్చే బొమ్మ. టీచర్లు, అమ్మలు, ఒకరిద్దరు తాతయ్యలు కూడా ‘ఇది మేమే చేసుకోవచ్చా?’ అని అడుగుతుంటారు. వాళ్లకి చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. నేను వాడేది ఇంక్‌స్కేప్ కాబట్టి మెనూ పేర్లు దానివే.

ఏ సాఫ్ట్‌వేర్ కావాలి? కొనాలా?

కొనక్కర్లేదు. ఇంక్‌స్కేప్ ఉచితం. 2003లో మొదలైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. ఈ పనికి దాన్నే ఎంచుకోవడానికి ఇంకో కారణం, గీత మీదున్న ప్రతి మలుపు దగ్గరా చుక్క పెట్టి వరసగా నంబర్ వేసే ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు పనిముట్టు, అందులో ముందే ఉంది. కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్ చేతిలో ఉన్నవాళ్లు వాటిలోనూ చేసుకోవచ్చు గానీ, చుక్కా నంబరూ చేత్తో పెట్టుకోవాలి, లేదా ఎవరైనా రాసిన స్క్రిప్టు వెతుక్కోవాలి. పవర్‌పాయింట్‌లో గుండ్రాలు, టెక్స్ట్ బాక్సులు పెట్టి చేసే టీచర్లు నాకు తెలుసు. 20 చుక్కల వరకు అదీ నడుస్తుంది.

ఎలాంటి ఫొటో పనికొస్తుంది?

పక్క నుంచి తీసినది. నీడబొమ్మ చూసి ‘ఇది ఫలానా’ అని చెప్పగలిగితే ఆ ఫొటో పనికొస్తుంది, చెప్పలేకపోతే పనికిరాదు. ఏనుగు, కోడిపుంజు, ఒంటె, చేప, ఆటో, చార్మినార్ బాగా వస్తాయి. ఎదురుగా చూస్తున్న పిల్లి రాదు. దాని అందమంతా కళ్లలో, మీసాల్లో ఉంటుంది, అంచు చూస్తే రెండు చెవులున్న కుండ. మనుషుల ముఖాలైతే పక్క ముఖమే తీసుకోండి. మా తాతయ్య ముఖాన్ని 31 చుక్కల్లో చేశాను. అందులో 6 ముక్కుకే పోయాయి, ఆయన ముక్కు అలాంటిది మరి.

మొదటి నుంచి చివరిదాకా పని ఎలా సాగుతుంది?

కొత్త ఫైలు తెరిచి పేజీ సైజు ఏ4 పెట్టండి. కంట్రోల్, ఐ నొక్కి ఫొటో లోపలికి తెచ్చుకోండి. దాన్ని పేజీకి సరిపడా సాగదీసి, ఓపాసిటీ, అంటే చిక్కదనం, 40 శాతానికి తగ్గించి, ఆ లేయర్‌కి తాళం వేసేయండి. తాళం వేయకపోతే ప్రతి నొక్కుడుకీ ఫొటో కదిలి ప్రాణం తీస్తుంది. పైన ఇంకో లేయర్ పెట్టుకుని బి నొక్కితే పెన్ టూల్ వస్తుంది. దాంతో బొమ్మ అంచు వెంట నొక్కుకుంటూ పోవాలి. మౌస్ లాగకూడదు, నొక్కి వదలాలి అంతే. లాగితే వంపు గీత వస్తుంది, మనకి కావలసింది తిన్నని ముక్కలు.

ఎందుకంటే, పిల్లవాడు రెండు చుక్కల మధ్య గీసేది తిన్నని గీతే. కొందరు స్కేలు కూడా పెడతారు. నంబర్ వేసే ఎక్స్‌టెన్షన్ కూడా మలుపుల దగ్గర మాత్రమే చుక్క పెడుతుంది, మధ్యలో ఉన్న వంపుని పట్టించుకోదు. మీరు అందమైన వంపులతో చేప గీసి 8 చోట్ల మాత్రమే మలుపు పెడితే, పిల్లవాడి కాగితం మీద వచ్చేది చేప కాదు, పగిలిన పెంకు. మొదటి నుంచీ తిన్నని ముక్కలతో గీస్తే తెరమీద మీరు చూసిందే వాడికీ వస్తుంది.

గీత పూర్తయ్యాక కంట్రోల్, డి నొక్కి దానికో నకలు తీసి పక్కన దాచండి. ఎక్స్‌టెన్షన్ గీతని తీసేసి దాని చోట చుక్కలు పెడుతుంది, తర్వాత జవాబు బొమ్మకి అసలు గీత కావాల్సి వస్తుంది. ఇప్పుడు గీతని ఎంచుకుని ఎక్స్‌టెన్షన్స్ మెనూలో విజువలైజ్ పాత్, అందులో నంబర్ నోడ్స్ (గీత మీది మలుపుని ఇంక్‌స్కేప్ నోడ్ అంటుంది). అది నాలుగు విషయాలు అడుగుతుంది: అక్షరాల సైజు, చుక్క సైజు, మొదటి నంబర్, ఒక్కో చుక్కకి ఎంత పెరగాలి. నేను అక్షరాలు 11 పాయింట్లు, చుక్క 1.5 మిల్లీమీటర్లు, మొదటి నంబర్ 1, పెరుగుదల 1 ఇస్తాను. సైజుతో పాటు పాయింటా మిల్లీమీటరా అన్నది కూడా రాయండి. అప్లై నొక్కగానే చుక్కలన్నీ పడిపోతాయి. ఫొటో లేయర్ కనపడకుండా చేయండి. ఇంక మిగిలింది నంబర్లు సర్దడం, అసలు సమయం పట్టేది దానికే.

అంత కష్టమెందుకు? ట్రేస్ బిట్‌మ్యాప్ నొక్కితే గీత దానంతటదే వస్తుంది కదా?

వస్తుంది. కానీ అది చుక్కల కోసం చేసిన గీత కాదు. ట్రేస్ బిట్‌మ్యాప్ చేసే పని, నల్లగా ఉన్న ప్రాంతం చుట్టూ అంచు గీయడం. మీరు ఇచ్చింది గీతలతో వేసిన బొమ్మ అనుకోండి, ఆ గీత కూడా దానికి సన్నని నల్ల ప్రాంతమే. కాబట్టి బయట ఒక అంచు, లోపల ఒక అంచు, ప్రతి గీతా రెండవుతుంది. నంబర్లు వేస్తే పిల్లవాడు కోడి చుట్టూ ఒకసారి, లోపల మరోసారి తిరగాలి. మధ్య గీత మాత్రమే తీసే సెంటర్‌లైన్ పద్ధతి కొత్త వెర్షన్లలో ఉంది, అది కొంచెం నయం.

రెండో చిక్కు చుక్కల సంఖ్య. వందల్లో వస్తాయి. కంట్రోల్, ఎల్ నొక్కితే సింప్లిఫై అయ్యి తగ్గుతాయి, కానీ ఎక్కడ తగ్గించాలో దానికి తెలీదు. వీపు మీద ఐదు ఉంచి ముక్కు కొన తీసేస్తుంది. ముక్కు పోయిన చిలక చిలకెలా అవుతుంది? నీడబొమ్మలాంటి నల్లటి చిత్రం ఉంటే ట్రేస్ చేసి, దాన్ని కింద పెట్టుకుని దాని మీద చేత్తో గీయండి. నేను చేసేది అంతే.

చుక్కలు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది?

ఈ పనిలో నేర్పు కావలసింది ఇక్కడొక్కచోటే. గీత దిశ మారినచోట చుక్క కావాలి, మారనిచోట అక్కర్లేదు. సమాన దూరాల్లో పెడితే బొమ్మ ఎప్పుడూ మొద్దుగానే వస్తుంది.

సంక్రాంతి సెలవుల ముందు చేసిన కోడిపుంజు సంగతి చెప్తాను. మొత్తం 52 చుక్కలు. ముక్కుకి 3: పై మొదలు, కొన, కింది మొదలు. తురాయికి 7, అంటే మూడు పళ్లకి మూడు కొనలు, వాటి చుట్టూ నాలుగు పల్లాలు. పల్లాల్లో చుక్క మానేస్తే తురాయి టోపీ అయిపోతుంది. మెడ వెనక నుంచి వీపు దాకా 4 చాలు, అక్కడ వంపు నిదానంగా దిగుతుంది. తోకకి 14. ‘ఒక్క తోకకే అన్ని చుక్కలా?’ అని మా పిల్లాడు అడిగాడు గానీ, పుంజుకీ పెట్టకీ తేడా ఆ తోకే. తోక కింద పొట్టకి 4, కాళ్లకి ఆరేసి చొప్పున 12, రొమ్ముకి 5, గొంతు కింద వేలాడే తమ్మెకి 3. రెక్క, కన్ను చుక్కల్లో పెట్టలేదు, ముందే గీసి ఇచ్చాను.

చుక్క ఎక్కువైందనిపిస్తే ఎన్ నొక్కి నోడ్ టూల్‌తో దాన్ని ఎంచుకుని డిలీట్ చేయండి. తక్కువైతే గీత మీద రెండుసార్లు నొక్కితే కొత్తది వస్తుంది. ఇదంతా నంబర్లు వేయకముందే చేయాలి.

ఏ వయసుకి ఎన్ని?

ఎల్‌కేజీకి 10, యూకేజీకి 20, ఒకటో తరగతికి 50, రెండుకి 100. పిల్లవాడికి ఎన్ని అంకెలు వచ్చో దానికి ఒక అడుగు లోపలే ఆపండి. పెద్దవాళ్లకి 150 దాటితే గానీ ఆసక్తి పుట్టదు, అంతకు తక్కువైతే గీయకుండానే చెప్పేస్తారు.

నంబర్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఏం చేయాలి?

అందరికీ పడతాయి. ఎక్స్‌టెన్షన్ ప్రతి నంబర్‌నీ చుక్కకి కుడివైపు పైన పెడుతుంది, అక్కడ ఖాళీ ఉందా లేదా చూడదు. నంబర్లన్నీ ఒక గ్రూపులో ఉంటాయి. కంట్రోల్ పట్టుకుని ఒక నంబర్ మీద నొక్కితే అదొక్కటే ఎంపికవుతుంది. తర్వాత బాణం మీటలతో జరపండి, ఆల్ట్ కలిపి నొక్కితే వెంట్రుకవాసి జరుగుతుంది.

ఎటు జరపాలి? బొమ్మకి బయటివైపు. లోపల ఉంటే పిల్లవాడు రంగు వేసేటప్పుడు అడ్డం. ఇంకా ముఖ్యం, గీత వెళ్లే దారిలో నంబర్ ఉండకూడదు. ఏ నంబర్ ఏ చుక్కదో చూడగానే తెలియాలి. రెండు చుక్కలకి సరిగ్గా మధ్యలో పెట్టిన 23 ఎవరిదో నాకే తెలియలేదు ఒకసారి. చిన్నపిల్లల బొమ్మల్లో చుక్కకీ చుక్కకీ కనీసం 8 మిల్లీమీటర్లు ఉండేలా చూస్తే సగం తలనొప్పి ఉండదు.

చుక్కలే మరీ పెద్దవిగానో నలకల్లానో వచ్చాయంటే, గీసిన తర్వాత గీతని సాగదీసి ఉంటారు. కంట్రోల్, జెడ్ కొట్టి, సైజు మార్చి మళ్లీ వేయండి.

1 ఎక్కడ మొదలవుతుంది? దిశ మార్చొచ్చా?

మీరు పెన్ టూల్ మొదట నొక్కిన చోటే 1. మూసిన గీతలో (చివర మొదలుతో కలిసినది) అది మారాలంటే కావలసిన నోడ్‌ని ఎంచుకుని షిఫ్ట్, బి నొక్కండి, గీత అక్కడ తెగి అక్కడి నుంచే లెక్క మొదలవుతుంది. దిశకి పాత్ మెనూలో రివర్స్ ఉంది. మూసిన గీత అయితే చివరి నంబర్ కూడా 1 పక్కనే వచ్చి ఇరుకవుతుంది. నేను ఆ చివరి చుక్క తీసేసి, కాగితం కింద ‘చివరికి 1 దగ్గరికి రావాలి’ అని రాస్తాను. 1 పక్కన చిన్న నక్షత్రం పెడితే పిల్లలు వెతుక్కోరు. మొదలు ముక్కు దగ్గర, తొండం దగ్గర పెట్టకండి, మూడో చుక్కకే గుట్టు బయటపడుతుంది. వీపు దగ్గర మొదలుపెట్టండి.

బొమ్మ లోపల కూడా గీతలుంటే? ఒకే గీతలో అంతా రావాలా?

రానక్కర్లేదు, చాలా బొమ్మలు రావు కూడా. చిన్నప్పుడు కవరు మీద కప్పు పెట్టిన ఇల్లు పెన్సిల్ ఎత్తకుండా గీయమని పందెం వేసుకునేవాళ్లం, గుర్తుందా? కింది మూల నుంచి మొదలుపెట్టినవాడే గెలిచేవాడు. ఎందుకో 1736లోనే ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడు, కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనల లెక్కలో. బేసి సంఖ్యలో గీతలు కలిసే చోట్లు అసలు లేకపోయినా, సరిగ్గా రెండే ఉన్నా బొమ్మ ఏకధాటిగా గీయొచ్చు. రెండున్నప్పుడు ఒకదాంట్లో మొదలై రెండోదాంట్లో ఆగాలి. ఇంటి బొమ్మలో కింది మూలలు రెండిట్లోనూ మూడేసి గీతలు కలుస్తాయి, కిటుకు అదే.

మీ బొమ్మకి అది కుదరకపోతే మూడు దారులున్నాయి. కళ్లు, రెక్క, చారలు ముందే గీసి ఇవ్వడం తేలిక. లేదా రెండో గీతకి వేరే గుర్తు: మొదటిది నల్ల చుక్కలు, రెండోది ఖాళీ గుండ్రాలు, మళ్లీ 1 నుంచి. లేదా రెండో గీతకి అంకెలు కాకుండా క, ఖ, గ. రెండో గీతకి 53 నుంచి కొనసాగించడం మాత్రం వద్దు. పిల్లవాడు 52 నుంచి 53కి కోడి పొట్ట మధ్యలోంచి గీత లాగుతాడు, వాడి తప్పేం లేదు.

ఎక్కాలు నేర్పడానికి వాడొచ్చా?

భేషుగ్గా. మొదటి నంబర్ 7, పెరుగుదల 7 ఇస్తే 7, 14, 21 అని 70 దాకా పది చుక్కలు వస్తాయి. పది చుక్కల్లో గాలిపటమో చేపో పడుతుంది. ఇంకొంచెం గట్టిగా కావాలంటే, మధ్యమధ్యలో ఏడో ఎక్కంలో లేని అంకెలతో దొంగచుక్కలు చల్లండి. నాలుగో తరగతి పిల్లలకి అవంటే మహా సరదా.

అంకెల బదులు అ ఆ ఇ ఈ లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ ఎక్స్‌టెన్షన్ పెట్టదు. నంబర్లు వేశాక టెక్స్ట్ టూల్‌తో ఒక్కోటి మార్చుకోవాలి. అ నుంచి అః వరకు 16, క నుంచి ఱ వరకు 36. ఈ రెండు లెక్కలకీ సరిపడే బొమ్మని ముందే ఎంచుకోండి. 16కి మామిడికాయ, 36కి ఏనుగు నేను చేసినవి.

ఫాంట్ యూనికోడ్‌ది వాడండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితమే. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో టైపు చేస్తే ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో క బదులు ఏ ఇంగ్లీషు గుర్తో కనపడుతుంది. సైజు 14 పాయింట్లకి తగ్గొద్దు. 9 పాయింట్లలో పెట్టి జిరాక్స్ తీస్తే కింది గీత పోయి ఫ కూడా ప అయిపోతుంది, ద–ధ, డ–ఢ దీ అదే గతి. మ, య పక్కపక్కన పడకుండా కాస్త దూరం జరపండి.

తెలుగు అంకెలతో?

౧, ౨, ౩ లతో ఒకసారి చేసి మా అమ్మకిచ్చాను. ఐదు నిమిషాల్లో పూర్తి చేసింది. మా పిల్లలు ౩ దగ్గరే ఆగిపోయారు. పక్కన చిన్న పట్టిక పెట్టి ఇస్తే తరగతిలో బాగుంటుంది.

మన ముగ్గు చుక్కలకీ దీనికీ సంబంధం ఉందా?

చేతికి సంబంధం ఉంది, లెక్కకి లేదు. ముగ్గులో చుక్కలు ముందు, బొమ్మ తర్వాత. వరసలు కట్టిన చుక్కల మధ్య తామరపువ్వు ఎక్కడుందో వేసేవాళ్లకి తెలుసు, చుక్కకి తెలీదు. మెలికల ముగ్గులో అయితే గీత చుక్కని తాకనే తాకదు, చుట్టూ తిరుగుతుంది. ఇక్కడ బొమ్మ ముందు, దాని మలుపుల్లోంచే చుక్క పుడుతుంది.

కానీ రెండూ కలపొచ్చు. 7 చుక్కలు, 4 వరకు సందు చుక్క పెడితే మొత్తం 37. వాటిలో పువ్వు అంచు వెళ్లే చుక్కలకి మాత్రమే నంబర్లు వేసి మిగతావి వట్టిగా వదిలేయండి. ముగ్గు నేర్చుకునే పిల్లలకి దీనికన్నా మంచి మెట్టు నేను చూడలేదు. ఇంక్‌స్కేప్‌లో సందు చుక్కలకి ఆక్సనోమెట్రిక్ గ్రిడ్ (ఏటవాలు గీతల గడులు) పెట్టి స్నాప్ (చుక్కని గడి మూలకి అతికించేది) ఆన్ చేస్తే కొలతలు వాటంతటవే కుదురుతాయి. వరసలు నిలువుగా వస్తాయి, కాగితం పక్కకి తిప్పితే సరి.

వెయ్యి చుక్కల ముఖచిత్రాలు చూశాం. అవెలా చేస్తారు?

అది వేరే పని. అక్కడ అంచు కాదు, నీడ ముఖ్యం. ఫొటోలో చీకటిగా ఉన్నచోట చుక్కలు గుబురుగా, వెలుతురున్నచోట పలచగా చల్లి, అన్నిటినీ ఒక్కసారే తాకుతూ వీలైనంత పొట్టి దారి వెతుకుతారు. ఊరూరా తిరిగే అమ్మకందారు దారి లెక్క అని గణితంలో పేరున్న సమస్యే అది. రాబర్ట్ బాష్ అనే గణిత ఆచార్యుడు 2009లో మోనాలిసాని లక్ష చుక్కలతో ఇలాగే పెట్టాడు. ఉచితంగా దొరికే స్టిపుల్‌జెన్ అనే ప్రోగ్రామ్ చుక్కలు చల్లి దారి కూడా గీసి ఎస్‌వీజీ (గీతల బొమ్మ ఫైలు) ఇస్తుంది. దాన్ని ఇంక్‌స్కేప్‌లో తెరిచి నంబర్లు వేయొచ్చు. నేను 600తో ప్రయత్నించాను, నంబర్లు సర్దేసరికి ఆదివారం అయిపోయింది. మళ్లీ చేయలేదు.

సినిమా హీరో, కార్టూన్ బొమ్మలు వాడొచ్చా?

ఇంట్లో పిల్లలకి ఒక కాగితం మీద ఇస్తే ఎవరూ అడగరు. అమ్మేవాటిలో, స్కూలు పేరుతో అచ్చేసే వాటిలో మాత్రం వద్దు. కార్టూన్ బొమ్మని చుక్కలు చేసినంత మాత్రాన అది మీదైపోదు. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రాజా రవివర్మ 1906లో పోయాడు కాబట్టి ఆయన చిత్రాలకి ఆ చిక్కు లేదు. అన్నిటికన్నా తేలిక, మీ ఫోన్‌తో మీరే ఫొటో తీసుకోవడం. కోడి ఎక్కడైనా దొరుకుతుంది.

ప్రింట్‌కి ఎలా ఇవ్వాలి?

పీడీఎఫ్. సేవ్ చేసేటప్పుడు టెక్స్ట్‌ని పాత్‌లుగా మార్చే ఆప్షన్ టిక్ చేయండి, అప్పుడు ఏ షాపులో తెరిచినా ఫాంట్ మారదు. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. పీఎన్‌జీయే కావాలంటే 300 డీపీఐ, ఏ4కి అది 2480 × 3508 పిక్సెల్స్. చుక్కలు, నంబర్లు నిండు నలుపులో ఉండాలి. బూడిదరంగు చుక్కలు తెరమీద ముచ్చటగా ఉంటాయి, జిరాక్స్‌లో మాయమవుతాయి. ప్రింట్ తీసే అబ్బాయితో ‘యాక్చువల్ సైజ్’ అని చెప్పండి. జవాబు బొమ్మ చిన్నదిగా వెనకవైపు వేయొచ్చు, కానీ పల్చటి కాగితమైతే వేయకండి. వెలుతురుకి పెట్టి చూసేస్తారు.

ఫోన్‌లో అవుతుందా?

వేలితో 50 చుక్కలు పెట్టడం నా వల్ల కాలేదు. కంప్యూటర్ లేకపోతే ఫొటో ప్రింట్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టండి, దాన్నే జిరాక్స్ తీయండి. అరగంట పని.

ప్రింట్‌కి పంపేముందు ఏం చూడాలి?

నంబర్లన్నీ ఉన్నాయో లేదో. నవ్వకండి. ఒకసారి నంబర్లు జరుపుతూ ఎప్పుడో 39ని డిలీట్ చేసేశాను, చుక్క ఉంది, నంబర్ లేదు. 120 కాపీలు తీశాక మా పిల్లాడు ‘38 తర్వాత 40 ఎందుకు?’ అన్నాడు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని 120 కాగితాల మీద బాల్‌పెన్‌తో 39 రాశాం. అప్పటి నుంచి ఒక్క కాపీ తీసి, పెన్సిల్ పెట్టి 1 నుంచి చివరిదాకా వాడి చేత గీయిస్తాను, అదీ నేను పక్కన నిలబడకుండా. 6, 9 లలో ఏదైనా తిప్పిన లేబుల్ ఉంటే వాడు అక్కడ ఆగుతాడు. ఆగినచోట కాగితం మీద గుండ్రం చుట్టి తెమ్మంటాను.